మైలూ-సూలో ఇంటింటికీ రేడాన్ కొలిచాం: అక్టోబరు నుంచి జూన్ దాకా ఏం జరిగిందంటే

కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ చదివే మన పిల్లల్లో చాలామందికి మైలూ-సూ పేరు కూడా తెలీదు. జలాలాబాద్‌లోనే ఉంటూ నేనూ నాలుగో ఏడాది దాకా వినలేదు. బజార్-కోర్గోన్, కోచ్‌కోర్-అతా దాటి, లోయలోకి మలుపు తిరిగి, నది పక్కనే పైకి వెళ్తే వచ్చే ఊరు, సోవియట్ కాలంలో యురేనియం తీసిన చోటు. 2024 అక్టోబరు నుంచి 2025 జూన్ దాకా ఆ ఊళ్ళో ఇళ్ళలో రేడాన్ (యురేనియం ఉన్న నేలలోంచి పుట్టి గాలిలో కలిసే, కంటికి కనపడని రేడియోధార్మిక వాయువు) కొలిచే సర్వేలో వాలంటీరుగా పనిచేశాను. మళ్ళీ ఈ అక్టోబరులో మొదలవుతుంది, జూనియర్లు కొందరు అడుగుతున్నారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కొలవడం కష్టమేమీ కాదు. కొలిచాక వచ్చిన అంకెను తీసుకెళ్ళి ఆ ఇంటివాళ్ళ చేతిలో పెట్టడమే అసలు పని అని నాకు చివర్లో గానీ అర్థం కాలేదు.

ముందు నేనెందుకు వెళ్ళానో చెప్తాను. మాది పులివెందుల వైపు. తుమ్మలపల్లె యురేనియం గని మా మేనత్త వాళ్ళ ఊరికి దగ్గర. అక్కడి టైలింగ్ పాండ్ (ఖనిజంలోంచి యురేనియం తీసేశాక మిగిలిన వ్యర్థాలు నింపే చెరువు) గురించి, బోరు నీళ్ళ గురించి ఇంట్లో మాటలు వింటూ పెరిగాను. సెప్టెంబరులో మా టీచర్ ఒకరు క్లాసు అయ్యాక వాలంటీర్లు కావాలి అన్నప్పుడు, యురేనియం అన్న మాట వినబడగానే చెయ్యెత్తేశాను. ఫోన్‌లో చెప్తే అమ్మ "ఆ మన్నులోకి నువ్వే పోవల్లనా? డాక్టరు చదువుకోను పంపితే" అని ఏడ్చినంత పని చేసింది. నాయన మాత్రం "చూసి రానీలే, మనకూ తెలుస్తుంది" అన్నాడు.

పేరిచ్చిన రోజు నుంచి మొదటిసారి ఊళ్ళో అడుగుపెట్టే దాకా నెల పైనే పట్టింది. ఇండియన్ స్టూడెంట్లకి పాస్‌పోర్ట్ కాపీ, నివాస రిజిస్ట్రేషన్ కాగితం, కాలేజీ లెటర్, రష్యన్‌లో నింపిన దరఖాస్తు కావాలి. ఆ లెటర్ మీద సంతకానికే మూడు వారాలు. ఈలోగా ట్రైనింగ్ ఇచ్చారు. డిటెక్టర్ అంటే బీప్ బీప్ అంటూ మోగే మిషన్ అనుకున్నాను, చేతిలో పెడితే పాత కెమెరా రీలు డబ్బా అంత నల్ల ప్లాస్టిక్ గిన్నె. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. మూత తీస్తే లోపల అడుగున గోరంత పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క, దాని అంచున కళ్ళు చికిలించి చూస్తే గానీ కనపడని నంబరు. గదిలోని రేడాన్ ఆ గిన్నెలోకి చేరుతుంది, అది విడిపోయేటప్పుడు వచ్చే ఆల్ఫా కణాలు ప్లాస్టిక్ మీద కంటికి ఆనని గీతలు పెడతాయి. మూడు నెలల తర్వాత ల్యాబ్‌లో వేడి కాస్టిక్ సోడాలో ఉంచితే ఆ గీతలు గుంటలవుతాయి, మైక్రోస్కోప్ కింద లెక్కపెడతారు. అంతే.

చలికాలంలోనే ఎందుకంటే, అప్పుడు ఇళ్ళన్నీ మూసేస్తారు. కిటికీలకు ప్లాస్టిక్ షీటు కొట్టి, సందుల్లో గుడ్డలు కుక్కి, బొగ్గు పొయ్యి వెలిగిస్తారు. వేడి గాలి పైకి పోతుంటే నేల కింది నుంచి గాలి లోపలికి గుంజుకుంటుంది, దాంతోపాటు రేడాన్ కూడా.

అక్టోబరు రెండో వారంలో మొదటిసారి వెళ్ళాం. షేర్ టాక్సీకి మనిషికి 200 సోమ్‌ల దాకా అయింది (సోమ్ ఇంచుమించు మన రూపాయే). ప్రాజెక్టు వాళ్ళు ఛార్జీలు ఇస్తారు గానీ నెల తర్వాత ఇస్తారు, ముందు జేబులోంచే పెట్టుకోవాలి. ఊరు నేను భయపడినట్టు లేదు. చెట్లు, రెండంతస్తుల పాత సోవియట్ ఇళ్ళు, ఇప్పటికీ నడుస్తున్న బల్బుల ఫ్యాక్టరీ, బడి నుంచి వస్తున్న పిల్లలు. ఇరవై వేల పైచిలుకు జనం. చుట్టూ కొండలు మాత్రం ఎవరో గోళ్ళతో గీరినట్టు ఉంటాయి, అవన్నీ చరియలు విరిగిపడిన చోట్లు.

మమ్మల్ని తిప్పిన పెద్దాయన ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఫిట్టరు. 1946 నుంచి 1968 దాకా ఇక్కడ 10,000 టన్నుల యురేనియం ఆక్సైడ్ తీశారని, సోవియట్ మొదటి అణుబాంబులో మా ఊరి యురేనియం ఉందని చెప్తుంటే ఆయన గొంతులో గర్వం ఉంది, దాన్ని తప్పు పట్టడం నాకు చేతకాలేదు. అప్పట్లో ఇది మూసేసిన ఊరు, బయటివాళ్ళకి పేరు లేదు, ఉత్తరాలకు పోస్ట్ బాక్స్ నంబరే. సరుకులు మాస్కో నుంచి నేరుగా వచ్చేవట. స్టాలిన్ కాలంలో సొంత ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టిన జర్మన్లు, క్రిమియా తాతార్లు కూడా ఇక్కడ పనిచేశారు. తూర్పు జర్మనీ, చెకోస్లొవేకియా నుంచి కూడా ఖనిజం రైళ్ళలో వచ్చి ఇక్కడే శుద్ధి అయ్యేది. యురేనియం వెళ్ళిపోయింది, మిగిలింది 23 టైలింగ్ దిబ్బలు, 13 రాతి వ్యర్థాల కుప్పలు, దాదాపు 20 లక్షల ఘనపు మీటర్లు, అన్నీ నది ఒడ్డునో కొండ వాలులోనో. 1958లో 7వ నంబరు దిబ్బ కట్ట తెగి లక్షల ఘనపు మీటర్ల బురద నదిలో కలిసింది, ఆ నది కిందికి ఉజ్బెకిస్తాన్ పొలాలకు పోతుంది. 2005లో కొండచరియ విరిగి 3వ నంబరు దిబ్బ దగ్గరే నదిలో పడింది. తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఆ 3వ నంబరు దిబ్బను తవ్వి 6వ నంబరు దగ్గరికి చేర్చారు.

ఒక దిబ్బ దగ్గర ఆగాం. పైన మట్టి కప్పి ఉంది, గడ్డి మొలిచింది, ఆవులు మేస్తున్నాయి. కాంక్రీటు స్తంభాలు ఉన్నాయి, మధ్యలో ముళ్ళకంచె లేదు, ఇనుము పాత సామాన్ల వాళ్ళకి అమ్మేశారట. నేను ఆన్‌లైన్‌లో కొనుక్కున్న చిన్న డోసీమీటర్, అంటే రేడియేషన్ కొలిచే మీటర్ (దాదాపు ఎనిమిది వేలైంది, అవసరం లేదు, మీరు కొనకండి) తీసి చూస్తే జలాలాబాద్‌లో మా హాస్టల్ దగ్గర చూపేదానికన్నా కొంచెమే ఎక్కువ చూపించింది. హమ్మయ్య అనుకున్నా. ఆ మీటర్ బయటి నుంచి వచ్చే గామా కిరణాలను కొలుస్తుంది, ఇళ్ళలోని రేడాన్‌ను పట్టుకోదు. ట్రైనింగ్‌లో ఈ మాట చెప్పారు గానీ అది ఒంటబట్టడానికి జూన్ దాకా పట్టింది.

ఇక ఇళ్ళు. నాతో పాటు మా కాలేజీలోనే చదివే ఒక కిర్గిజ్ అమ్మాయి, భాష తనే చూసుకునేది. తలుపు కొట్టగానే సగం మంది ముఖంలో ఒకటే భావం: మళ్ళీ వచ్చారా. 2006లో అమెరికాలోని బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అత్యంత కలుషితమైన 10 చోట్లలో ఈ ఊరినీ చేర్చింది, అప్పట్నుంచి జర్నలిస్టులు, పరిశోధకులు వస్తూనే ఉన్నారట. నది పక్క వీధిలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ (అందరూ ఆపా అంటారు, నేనూ అలాగే పిలిచాను) మేం చెప్పేది మొత్తం విని, లేచి వెళ్ళి బీరువాలోంచి బిస్కట్ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లోపల కాగితాలు. అంగీకార పత్రాల కార్బన్ కాపీలు, విజిటింగ్ కార్డులు, రష్యన్, ఇంగ్లీషు, జర్మన్ భాషల్లో లెటర్‌హెడ్లు. నీళ్ళు తీసుకెళ్ళినవాళ్ళు, మట్టి తీసుకెళ్ళినవాళ్ళు, ఆవు పాలు, బంగాళదుంపలు తీసుకెళ్ళినవాళ్ళు. ఒక కాగితం అంచుకి ఆమె జుట్టు శాంపిల్ తీసుకున్నప్పటి టేపు ముక్క ఇంకా అంటుకునే ఉంది. ఒక్కదానిలోనూ ఫలితం లేదు. "అందరూ తీసుకెళ్ళారు బాలమ్, ఎవరూ తిరిగి చెప్పలేదు" అంది. బాలమ్ అంటే నా బిడ్డా అని. మా కాగితం మీద కూడా "ఫలితం తెలియజేస్తాం" అని అచ్చయి ఉంది. దాన్ని వేలితో చూపించి, సంతకం పెట్టి, కాపీని ఆ డబ్బాలోనే వేసుకుంది. నాకు గొంతు పట్టేసింది.

డిటెక్టర్ పెట్టడానికి నియమాలున్నాయి. పడుకునే గదిలో, మనిషి నడుము ఎత్తుకు పైన, కిటికీకీ పొయ్యికీ దూరంగా, కనీసం మూడు నెలలు కదపకుండా. ఇక్కడి ఇళ్ళలో గోడలకు తివాచీలు వేలాడదీస్తారు, మేకు కొట్టనివ్వరు, న్యాయమే కదా. కాబట్టి అల్మరా పైన, ఫొటో ఫ్రేముల మధ్య పెట్టాం. ఆపా పడుకునే గదిలో నేల మీద చాప ఎత్తితే చెక్క తలుపు, కింద బంగాళదుంపల సెల్లార్, కట్టని మట్టి గోడలు. మా టీచర్ అది చూసి ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని గీత కొట్టారు.

ఒక్కో ఇంటికి పది నిమిషాలు అనుకుని వెళ్ళాం, గంట పట్టేది. టీ తాగకుండా పంపరు. తొందరలో ఉన్నామంటే గుమ్మం దగ్గరే రొట్టె పట్టుకుని నిలబడతారు, ఒక్క ముక్క తుంచి నోట్లో వేసుకుంటే గానీ కదలనివ్వరు. సాయంత్రానికి కడుపు నిండిపోయేది, పని సగం కూడా అయ్యేది కాదు. ఇంకో విషయం, మెడికల్ స్టూడెంట్లని తెలియగానే ప్రశ్నలు మొదలు. మోకాళ్ళ నొప్పి రేడియేషన్ వల్లేనా, గొంతు దగ్గర వాపు దానివల్లేనా, కోడలికి గర్భం నిలవట్లేదు, దానివల్లేనా. నాకు తెలిసింది, రేడాన్ వల్ల వచ్చేది ఊపిరితిత్తుల క్యాన్సర్, పొగతాగడం తర్వాత దానికి పెద్ద కారణం ఇదే, ఇంట్లో పొగతాగేవాళ్ళుంటే ముప్పు ఇంకా ఎక్కువ. మిగతావాటికి హాస్పిటల్‌కి వెళ్ళండి అని చెప్పమన్నారు, అదే చెప్పాం. చెప్తున్నప్పుడు వాళ్ళ ముఖాలు చూడటం కష్టంగా ఉండేది.

నవంబరు, డిసెంబరు ఏమీ లేదు, పరీక్షలు. జనవరి సెలవులకు ఇంటికి వచ్చాను. బిష్‌కెక్ నుంచి ఢిల్లీ విమానంలో డోసీమీటర్ ఆన్ చేస్తే దిబ్బ మీద కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చూపించింది, ఆ ఎత్తులో కాస్మిక్ కిరణాల వల్ల అది మామూలే. ఈ విషయం చెప్పి "చూశావా, ఊరికే భయపడుతున్నారు" అన్నాడు మా కజిన్. విమానంలో నేనున్నది కొన్ని గంటలు, వాళ్ళు ఆ ఇంట్లో పుట్టి పెరిగి ముసలివాళ్ళయ్యారు, పైగా వాళ్ళు పీల్చేది ఈ మీటర్‌కి తెలీదు అని అరిచినంత గట్టిగా చెప్పాను. మేనత్త వాళ్ళ ఊరికి వెళ్తే అత్త ఆ మీటర్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. తర్వాత "మా ఇంట్లో కూడా ఆ నల్ల డబ్బా పెట్టకూడదా మ్మే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఫిబ్రవరిలో డిటెక్టర్లు తీసుకురావడానికి వెళ్ళాం. దారంతా మంచు, టాక్సీ అతను డబుల్ అడిగాడు. ఒక ఇంట్లో పిల్లాడు గిన్నెకి కళ్ళూ ముక్కూ గీశాడు, అది పర్లేదు. ఇంకో ఇంట్లో పాడైపోతుందేమోనని ఫ్రిజ్‌లో పెట్టి, మేం అడగ్గానే ఎంతో జాగ్రత్తగా తీసిచ్చింది ఒకావిడ, అది లెక్కలోకి రాదని ఆమె ముందు చెప్పలేకపోయాం. కొన్ని ఇళ్ళకి తాళాలు, కుటుంబం మొత్తం రష్యాకి పనికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చిన ప్రతి గిన్నెనూ గాలి చొరబడని అల్యూమినియం కవర్‌లో సీల్ చేయాలి, లేకపోతే దారిలో, ల్యాబ్‌లో కూడా అది కొలుస్తూనే ఉంటుంది. చలికి వేళ్ళు మొద్దుబారి ఆ సీల్ వేయడమే నరకం. సన్నని లోపలి గ్లౌజులు తీసుకెళ్ళండి.

ఆ తర్వాత మొదలైంది ఎదురుచూపు. ల్యాబ్ ఆరు వారాలంది, దాదాపు నాలుగు నెలలు తీసుకుంది. మార్చి చివరి నుంచే ఫోన్లు. నాతో ఉన్న అమ్మాయి నంబరు ఊళ్ళో సగం మంది దగ్గర ఉంది. "వచ్చిందా?" "ఇంకా లేదు ఎజె (అక్కా)." ఏప్రిల్ నాటికి ఫోన్లు తగ్గాయి. అవి మోగుతున్నప్పటికన్నా తగ్గినప్పుడే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉండేది, ఎందుకంటే వాళ్ళు మమ్మల్ని కూడా ఆ డబ్బాలో వేసేశారన్నమాట.

మే చివర్లో ఫలితాలొచ్చాక టీమ్‌లో పెద్ద గొడవ. ఇంటింటికీ చెప్తే భయపడతారు, ఇళ్ళ ధరలు పడిపోతాయి, ఊరు మొత్తానికి కలిపి ఒక రిపోర్టు ఇస్తే చాలన్నారు కొందరు పెద్దవాళ్ళు. కాగితం మీద మనమే రాశాం, చెప్పి తీరాలి అంది మా టీచర్. మేం స్టూడెంట్లం మాట్లాడకూడదు గానీ మాట్లాడాం. చివరికి ఎవరి అంకె వాళ్ళకే, సీలు వేసిన కవర్‌లో, ఇంకెవరికీ చెప్పకుండా ఇవ్వాలని తేల్చారు. అందుకే ఇక్కడ కూడా ఏ ఇంటి అంకెనూ రాయను.

జూన్ మొదటి వారంలో కవర్లు పట్టుకుని వెళ్ళాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళలో రేడాన్ ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటకూడదని, అది సాధ్యం కాని చోట కూడా 300 మించకూడదని చెప్తుంది. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో. చాలా ఇళ్ళు 300 లోపే. పక్కపక్క ఇళ్ళకే పొంతన లేదు, ఒకటి 100 లోపు, గోడ అవతలది దానికి ఎన్నో రెట్లు. నేల కింద ఏముంది, నేల చెక్కదా కాంక్రీటుదా, ఎక్కడ పగుళ్ళున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది దిబ్బల వల్ల వచ్చిందా, నేలలోనే ఉందా అని అడిగారు. ఊరే యురేనియం ఖనిజం మీద కూర్చుంది, ఆ ప్లాస్టిక్ ముక్కకి ఆ తేడా తెలీదు.

అంకె ఎక్కువొచ్చినవాళ్ళే బాధపడతారనుకున్నాను. ఒక ఇంట్లో అంకె తక్కువొచ్చింది, నేను నవ్వుతూ చెప్పాను, ఆయన కాగితం విసిరికొట్టాడు. వేరేచోట ఇల్లు ఇస్తారని ఆయన ఆశ. కొండ ఏటా జారుతోంది, గోడ బీటలిచ్చింది, "నీ కాగితం నా ఇల్లు మంచిదంటోంది, ఇక నన్ను ఎవరు కదిలిస్తారు?" అన్నాడు. రేడాన్ సంగతే ఇది, కొండ సంగతి కాదు అని రష్యన్‌లో ఆ అంకె కిందే రాసి, టీచర్ సంతకం పెట్టించి మళ్ళీ ఇచ్చాం. ఇంకొకాయన కవర్ తెరవనే లేదు, ఇల్లు అమ్మి బిష్‌కెక్ వెళ్తున్నాడు, తెలిస్తే చెప్పాల్సొస్తుందని. ఆ ఇంటికి రాబోయేవాళ్ళ గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. మరో ఇంట్లో ఒక కుర్రాడు మళ్ళీ తవ్వుతారట నిజమేనా అని అడిగాడు. 2019లో దేశంలో యురేనియం తవ్వకాన్ని నిషేధించారు, 2024 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేశారు, మీ ఊళ్ళోనే అని ఎవరూ అనలేదు అని చెప్పాం.

ఆపా ఇంటి అంకె 300 కి చాలా పైన. టీచర్ సెల్లార్ చూసినప్పుడే ఊహించినట్టున్నారు. ఆవిడ ఏడుస్తుందేమో అని భయపడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని కాగితం పైనుంచి కింది దాకా చదివి, "సరే, ఏం చెయ్యాలి?" అంది. చేయడానికి ఉందని చెప్పగలగడం ఎంత ఊరటో. సెల్లార్ తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేసి బిగించడం, సెల్లార్‌లోంచి గోడ బయటికి, కప్పు ఎత్తుకు మించి ఒక పైపు పెట్టడం, నేల పగుళ్ళు సిమెంటుతో పూడ్చడం, మంచం సెల్లార్ లేని గదిలోకి మార్చడం. పెద్ద పైపు, సిమెంటు, పట్టీ, ఫోము అన్నీ కలిపి నాలుగు వేల సోమ్‌ల లోపే అయ్యాయి, ప్రాజెక్టులో దానికి పద్దు లేదు, మేమే తలా కొంత వేసుకున్నాం. ఆమె అల్లుడు ఒక ఆదివారం పూట చేసేశాడు. రేడాన్ సగానికి తగ్గడానికి నాలుగు రోజులు కూడా పట్టదు, కాబట్టి గాలి బయటికి పోయే దారి ఉంటే తేడా త్వరగానే వస్తుంది. కానీ దిబ్బల్లో దాన్ని పుట్టించే రేడియం సగం కావడానికి 1,600 ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఆ పైపు ఎప్పటికీ ఉండాలి, మూసుకుపోకుండా చూసుకోవాలి. ఈ రెండో మాట కూడా చెప్పాం.

పైపు నిజంగా పనిచేసిందా అని ఇప్పుడే చెప్పలేం. వేసవిలో కిటికీలు తెరిచే ఉంటాయి, ఇప్పుడు కొలిస్తే తప్పుడు ధైర్యం వస్తుంది. అక్టోబరులో అదే గదిలో, అదే అల్మరా పైన కొత్త డిటెక్టర్ పెట్టాలి. ఎక్కువ అంకె వచ్చిన ఇళ్ళన్నిటికీ అలాగే చేస్తున్నారు.

వచ్చే జూనియర్లకి: రిజిస్ట్రేషన్ గడువు ఫిబ్రవరి దాకా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, మధ్యలో అయిపోతే లెటర్ మళ్ళీ మొదటి నుంచి. టాక్సీకి చిల్లర సోమ్‌లు ఉంచుకోండి. రష్యన్‌లో అంకెలు తడబడకుండా చెప్పడం నేర్చుకోండి, ఫోన్ యాప్‌లు ఆపాల ముందు పనిచేయవు. అన్నిటికన్నా ముందు, జూన్‌లో కవర్లు ఇవ్వడానికి ఉంటారో లేదో ఆలోచించుకుని పేరివ్వండి. అప్పుడు పరీక్షలుంటాయి, ఇంటికి టికెట్లు కూడా అప్పుడే చవక. డిటెక్టర్లు పెట్టడానికి మాత్రమే వస్తామంటే మా టీచర్ ఇప్పుడు తీసుకోవడం లేదు.